కాతిబు చాచా లాప్‌టాప్

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, "మేడం, మీ సర్వీసులో అన్నిటికన్నా సతాయించిన మిషన్ ఏది?" అని. ఏ బ్యాంకు కథో, ఏ కలెక్టరాఫీసు కథో చెబుతానని ఆశగా చూస్తారు. నేను వనపర్తిలో పెండ్లికార్డులు రాసే ఇంట్లో ఉన్న లాప్‌టాప్ అంటాను. పాపం, వాళ్ల మొహాలు చిన్నబోతాయి. చిన్నబోతే పోనీ. రిటైరైనదాన్ని, నాకేం తొందర? చెప్పేది చెబుతాను.

తొంభైల చివరి రోజులవి. మహబూబ్‌నగర్‌లో మాదో చిన్న సర్వీస్ సెంటర్. అటు అచ్చంపేట, ఇటు గద్వాల, ఒక్కోసారి నల్లగొండ జిల్లాలో దేవరకొండ దాకా, ఎక్కడ కంప్యూటర్ మొరాయించినా మేమే పోవాలి. మేమంటే ఇద్దరమే. నేను, మా సీనియర్. ఆయన నల్లగొండ మనిషి. కుర్చీలోంచి కదలకుండా ఫోన్లోనే రోగం చెప్పేవాడు. మందు పట్టుకుని బస్సెక్కేది నేను. సంచీ భుజాన వేసుకుని ఏ ఆఫీసులోకి వెళ్లినా అక్కడివాళ్లు నా వెనక్కి తొంగి చూసేవారు.

"ఇంజనీరు సారు ఎనక వస్తుండా అమ్మా?"

"సారు రాడు. వచ్చిన ఇంజనీరును నేనే."

అప్పుడు ఎవరో ఒకరు కుర్చీ జరిపేవారు, ఎవరో ఒకరు నవ్వాపుకునేవారు. కోపం వచ్చేది. మిషన్ బాగుచేసి లేచేటప్పటికి ఆ కోపం చల్లారేది, ఎందుకంటే అప్పటికి వాళ్లకూ నవ్వు పోయి ఉండేది.

ఒకరోజు మా సీనియర్ ఫోన్ పెట్టేసి, నా వైపు ఒక చిన్న డబ్బా, ఒక ఫ్లాపీ తోశాడు.

"వనపర్తిల ఓ లాప్‌టాప్ ఉన్నదంట. మెమరీ పెంచాలె."

"వనపర్తిల లాప్‌టాపా?"

"దుబాయి సరుకు. ఇగో చూడు, మెమరీ పెంచుడంటే పెండ్లి సంబంధం లెక్క. పిల్ల మంచిదైతే సరిపోదు, ఆ ఇంట్ల ఇమడాలె. ఒకవేళ మిషన్ సగమే లెక్కవెడితే ఫికర్ చెయ్యకు, గీ ఫ్లాపీతోని బయోస్ మార్చు."

బయోస్ అంటే మీకు తెలిసిందే, తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మిషన్‌కు కరెంటివ్వగానే అది నిద్రలేచి, తనెవరో, తన దగ్గర ఏమేం ఉన్నాయో గుర్తు చేసుకోవాలి. ఆ గుర్తు ఒక చిప్పులో రాసి ఉంటుంది. పాత గుర్తు ఉన్న మిషన్‌కు కొత్త మెమరీ పెడితే, అంత సొత్తు తనకుందని నమ్మలేక సగమే ఒప్పుకుంటుంది. అప్పుడు చిప్పులో పాతది చెరిపి కొత్తది రాయాలి. ఆ చెరపడానికీ రాయడానికీ మధ్య కరెంటు పోతే, మిషన్‌కు తనెవరో గుర్తుండదు. ఇక లేవదు.

ఆ ఇల్లు ఊరి చివర ఉంది. ఇంటి వెనక నుంచే పొలాలు, బోరుమోటార్లు. వరండాలో తెల్లగడ్డం పెద్దాయన పీట మీద కూర్చుని ఉన్నాడు. నా వెనక్కి తొంగి చూడలేదు. "రా బేటీ, ఎండల వడి వచ్చినవు, ముందుగాల జర నీళ్లు తాగు," అన్నాడు. అక్కడికే నాకు ఆయన నచ్చేశాడు, చాచా అని పిలవడం మొదలుపెట్టాను.

ఆయన కాతిబు. అంటే ఉర్దూ రాత చేతితో అందంగా రాసేవాడు. ఆ చుట్టుపక్కల ముస్లిం ఇండ్లలో ఏ పెండ్లయినా కార్డు ఆయనే రాయాలి. వెదురు కలంతో ఆయన రాసిన కాగితాన్ని ప్రెస్సువాళ్లు అచ్చు వేసేవారు. ఇంటర్ చదివి, కంప్యూటర్ నేర్చుకున్న కూతురు ఇంట్లోనే ఉండి ఆయనకు సాయం చేసేది. లాప్‌టాప్ ఆమెదే. దుబాయిలో ఉన్న అన్న ఒక ఇంజనీరింగ్ కంపెనీ వేలం పాటలో కొని పంపాడు. పెద్ద పెద్ద డ్రాయింగులు గీయడానికి చేసిన మిషన్. బరువు చూస్తే రోలు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి లాప్‌టాప్ అన్న పేరే గానీ, గుంజకు కట్టేసిన మేకలా ఎప్పుడూ ప్లగ్గు దగ్గరే ఉండేది.

"దీనికి మెమరీ ఎందుకమ్మా?" అన్నాను.

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మా అబ్బా చెయ్యి, గదే నాయన చెయ్యి, వణుకుతాంది అక్కా. ఏడాదాయె. గందుకే ఆయన అక్షరాలన్ని రాయించి దీంట్ల ఎక్కించిన. ఒక్కొక్కటి కోసి, సాపుజేసి, కలుపుతున్న. కలుపుతుంటే మిషన్ ఆగిపోతాంది."

తెరమీద చూపించింది. నాకు ఆ లిపి రాదు. రాకపోయినా కళ్లు తిప్పుకోలేకపోయాను. వంపు తిరిగిన చోట సన్నబడి, దిగిన చోట లావై, ఒక్కో అక్షరం పక్కదాని మీద చెయ్యి వేసి నిలబడ్డట్టుంది. ఆ రాతలో అక్షరాలు విడివిడిగా ఉండవట, గుత్తులుగా కలుస్తాయట. ఏ గుత్తికి ఆ గుత్తి వేరుగా రాయాలట. వణుకు ఎక్కువ కాకముందే, చెయ్యి నిలకడగా ఉన్న పొద్దుటిపూటల్లో, నెలల తరబడి కూర్చుని పెద్దాయన అవన్నీ రాశాడు. కూతురు మహబూబ్‌నగర్‌లో ఒక ప్రెస్సులో స్కానర్ దగ్గరికి లాప్‌టాప్ మోసుకుపోయి ఎక్కించుకుంది.

పెద్దాయనే చాయ్ తెచ్చి ఇచ్చాడు. సాసర్ మీద కప్పు టకటకలాడింది. నేను చూడనట్టు తీసుకున్నాను గానీ ఆయన పట్టేశాడు.

"నా చెయ్యికి నాకన్న ముందుగాల ముసలితనం వచ్చింది బేటీ," అని నవ్వాడు.

మెమరీ పెట్టాను. మిషన్ సగమే లెక్కపెట్టింది. మా సీనియర్ మాట అక్షరాలా నిజమైంది. ఇక బయోస్ మార్చాలి. కరెంటు సంగతి అడిగాను.

"మధ్యాహ్నం దాక పోదక్కా," అంది ఆమె. "ఇంగ భయం లేకుండ నేను స్టెబిలైజర్ గూడ పెట్టిన. ఫ్రిజ్జుది ఊడదీసి దీనికి ఇచ్చిన."

ఫ్రిజ్జు నోరెళ్లబెట్టి మూలన నిలబడి ఉంది. శభాష్ అన్నాను. అప్పట్లో ఆఫీసుల్లో మిషన్ కంటే టేబుల్ గుడ్డకు ఎక్కువ మర్యాద జరిగేది. తన ఇంట్లో చల్లనీళ్లు వదులుకుని మిషన్‌ను కాపాడుకున్న మనిషిని నేను చూడడం అదే మొదలు.

ఫ్లాపీ వేశాను. తెర మీద గీత మెల్లగా జరుగుతోంది. సగం దాటింది. అప్పుడు ఇంటి వెనక పొలాల్లో ఒక్కసారిగా రొద లేచింది. ఒక మోటారు కాదు, కనుచూపు మేర ఉన్న మోటార్లన్నీ. ఫ్యాను దిగులుగా మూలిగి నెమ్మదించింది. బల్బు ఎర్రబడింది. స్టెబిలైజర్ "టక్" మంది. తెర నల్లబడింది.

ఏం జరిగిందో మీకు చెప్పాలి, ఎందుకంటే ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. పొలాలకు త్రీఫేజ్ కరెంటు విడతలవారీగా వచ్చేది. ఎప్పుడొస్తుందో అని పొలం దగ్గర కాపలా కూర్చోలేక రైతులందరూ ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తే లైన్లో వోల్టేజి పడిపోతుంది. ఆ వారం నుంచే విడత వేళ మారింది, ఇంట్లో ఎవరికీ తెలియదు. వోల్టేజి పడగానే, ఫ్రిజ్జును కాపాడే అలవాటున్న స్టెబిలైజర్ తన ధర్మం తాను చేసింది. కరెంటు కట్టేసింది. తర్వాత లాప్‌టాప్ అడాప్టర్ తిరగేసి చూశాను. అంత తక్కువ వోల్టేజికైనా తట్టుకుంటానని దాని వీపు మీదే రాసి ఉంది. స్టెబిలైజర్ లేకుంటే అది బతికేది! కరెంటు పోతుందని మేం భయపడ్డాం, కరెంటు వచ్చి మా కొంప ముంచింది. జాగ్రత్తే జబ్బు తెచ్చిపెట్టింది.

కాసేపటికి స్టెబిలైజర్ మళ్లీ తెరుచుకుంది. ఫ్యాను తిరిగింది. లాప్‌టాప్ లేవలేదు. ఒక లైటు వెలిగింది, అంతే.

ఆమె మొహంలో నెత్తురు లేదు. నేను ధైర్యం చెప్పబోయాను. "చిప్పు ఒక్కటే పోయింది. అక్షరాలు డిస్కులో ఉన్నయి, వాటికేం కాలేదు." అంటూనే గుర్తొచ్చింది. ఆ దుబాయి కంపెనీ తన డ్రాయింగులు బయటికి పోకుండా డిస్కుకు ఒక తాళం పెట్టి, తీయకుండానే అమ్మింది, మెమరీ పెట్టేటప్పుడు చూశాను. ఆ డిస్కు ఆ మిషన్‌లోనే తెరుచుకుంటుంది, వేరే దేంట్లో పెట్టినా పలకదు. మిషన్ లేవకపోతే అక్షరాలు లోపల ఉండి కూడా లేనట్టే.

"పోనీ, రాసిన కాగితాలున్నయి గదా. మళ్ల స్కాన్ చేసుకోవచ్చు," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "లేవక్కా. కృష్ణల ఠండా చేసినం."

నాకు అర్థం కాలేదు, ఆమే చెప్పింది. వాళ్లలో దేవుని పేరు, ప్రవక్త పేరు ఉన్న కాగితాన్ని చెత్తలో పారెయ్యరు. కాళ్ల కింద పడనివ్వరు. పారే నీళ్లలో కలుపుతారు. దాన్నే ఠండా చేయడం అంటారు. పెండ్లికార్డుల్లో మొదట వచ్చేవే ఆ పేర్లు, పెద్దాయన రాసిన కట్టలో అడుగడుగునా అవే. మిషన్‌లోకి ఎక్కాయి కదా, ఇక ఇంట్లో కాగితాలు ఎగిరి ఎక్కడైనా పడితే పాపమని, తండ్రీకూతుళ్లు బస్సెక్కి బీచుపల్లి దగ్గర కృష్ణలో భక్తిగా వదిలి వచ్చారు. ఫ్లాపీల్లోకి ఎక్కిద్దామంటే ఒక్క కాగితం బొమ్మకు ఒక ఫ్లాపీ సరిపోయేది కాదు. సీడీ రాసే మిషన్ ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

అంటే ఆ అక్షరాలు లోకం మొత్తం మీద ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. వాటిని మళ్లీ రాయగల చెయ్యి చాయ్ కప్పు నిలపలేకపోతోంది.

"అబ్బాకు చెప్పకక్కా," అని ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. కానీ వరండాకూ గదికీ మధ్య ఉన్నది పరదా ఒక్కటే. ఆయన లోపలికి వచ్చాడు. అల్మారాలోంచి కలం, సిరా తీసుకుని, నేల మీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టి, ఒక నిలువు గీత గీశాడు. అది వాళ్ల మొదటి అక్షరమట, అల్లా పేరు మొదలయ్యేదీ దానితోనేనట. పైన బాగానే మొదలై, కిందికి వచ్చేసరికి వాన నీళ్లలో ఊగే గడ్డిపోచలా వంకర పోయింది. ఇంకొకటి గీశాడు. అదీ అంతే. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. దాన్ని కూడా పారెయ్యలేడు కదా.

కూతురు ఏడుస్తోంది. "నీ తప్పేమున్నది? ఠండా చేద్దమన్నది నేను," అన్నాడు ఆయన. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ పరేషాన్ గాకు బేటీ. రాసిచ్చినోడు అల్లా. తీస్కపోతే ఆయనవి ఆయన తీస్కపోయినట్టు," అన్నాడు.

ఆ మాట విని ఊరడిల్లాల్సింది పోయి నాకు ఏడుపు ఆగలేదు. బస్సులో మహబూబ్‌నగర్ దాకా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. పక్క సీటు ఆమె, "అత్తగారింటికి పోతున్నవా బిడ్డా?" అని అడిగింది.

ఆఫీసుకు వచ్చి అంతా చెప్పాను. మా సీనియర్ ఏదో ఒక జోకు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "కాగితాలు గూడ లేవా?" అని మాత్రం అడిగాడు. తర్వాత ఫోన్ ముందేసుకుని కూర్చున్నాడు. సికింద్రాబాద్‌లో ఎవరెవరికో చేశాడు. ఉర్దూలో బతిమిలాడాడు, తెలుగులో తిట్టాడు. చివరికి దొరికింది. ఆ చిప్పులో ఎప్పటికీ చెరగని మూల ఒకటుంటుందట. రెండు బటన్లు నొక్కిపెట్టి కరెంటిస్తే, ఆ మూల ఒక్కటే లేచి, చీకట్లో తడుముకుంటూ ఫ్లాపీని చదివి, మిగతా చిప్పును మళ్లీ రాసుకుంటుందట. తెర మీద ఏమీ కనబడదు. చెవులే దిక్కు. మధ్యలో ఆగితే ఆ మూల కూడా బతుకుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

"గీ ఒక్కదానికి నేనొస్త," అన్నాడు మా సీనియర్. ఆయన కుర్చీ ఆ మాట విని ఉంటే మూర్ఛపోయేది.

శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక వెళ్లాం. మా సీనియర్ ఇంట్లోకి కూడా రాలేదు. "మిషన్ నువ్వు చూసుకో. నేను సబ్‌స్టేషన్ల కూసుంట. లైన్‌మన్‌కు చాయ్ తాపిచ్చుకుంట, నువ్వు కబురు పంపేదాక ఎవ్వరు లైన్ బంద్ చెయ్యకుండ చూస్త," అని అటే నడిచిపోయాడు. లాప్‌టాప్ రోగం బాగుచేయడానికి లైన్‌మన్‌ను చాయ్‌తో కట్టేయాలని కూడా ఏ పుస్తకంలోనూ ఉండదు. మోటార్లు తిరుగుతున్న వేళే ఎంచుకున్నాం, కొత్తగా లేచేవి ఉండవని. స్టెబిలైజర్‌ను ఆమె తన చేతులతోనే తీసి ఫ్రిజ్జుకు తగిలించింది.

ఫ్లాపీ పెట్టాను. బటన్లు నొక్కిపెట్టి కరెంటిచ్చాను. నల్ల తెర. ఏమీ లేదు. తర్వాత ఫ్లాపీ డ్రైవ్ కిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది. మళ్లీ ఆగింది. ఈసారి చాలాసేపు ఆగింది. తెర నల్లగానే ఉంది.

"పోయింది. ఇంగ పోయింది అక్కా," అంటూ ఆమె స్విచ్ వైపు చెయ్యి చాచింది. "ఒకసారి బంద్ చేసి మళ్ల పెడదాం."

వద్దని అరవబోయాను. అప్పటిదాకా గోడకానుకుని కళ్లు మూసుకుని ఉన్న చాచా ఆ చెయ్యిని గాలిలోనే పట్టుకున్నాడు.

"ఊరుకో. రాస్తాంది."

"చప్పుడు లేదబ్బా!"

"సిరాల ముంచుతాంది కావచ్చు. నేను కలం ముంచేటప్పుడు చప్పుడొస్తదా? రాసేటోని చెయ్యి నడుమల పట్టొద్దు బేటీ. నీకు చిన్నప్పటి నుంచి గదే గదా చెప్పిన."

ఆ ఇంట్లో అది కట్టుబాటు. ఆయన కలం కాగితం మీద పెట్టాక ఎవరూ పిలవకూడదు, ఇంటికి చుట్టాలొచ్చినా, పొయ్యి మీద పాలు పొంగినా. అక్షరం పూర్తి కావాలి. ఆయన చెప్పింది ఆ కట్టుబాటే, కంప్యూటర్ విద్య కాదు. అయినా ఆ క్షణాన నాకు అంతకంటే నమ్మకమైన మాట ఇంకోటి లేదు. ఆయన చేతిలో కూతురి చెయ్యి ఉంది.

డ్రైవ్ మళ్లీ కిర్రుమంది. ఈసారి ఆగకుండా, సన్నగా, గరుకుగా. చాచా తల ఊపుతూ వింటున్నాడు. కాసేపటికి చిన్నగా "కీక్" మని ఒక్క కూత. తెర వెలిగింది. మెమరీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది, సగం దగ్గర ఆగలేదు.

డిస్కు తెరుచుకుంది. ఆమె ఫైలు తెరిచింది. తెర నిండా ఆయన అక్షరాలు. చాచా దగ్గరికి వచ్చి, కళ్లజోడు సర్దుకుని, ఆ నిలువు గీతను వేలితో తాకాడు. అది తిన్నగా, నిటారుగా ఉంది. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి తెర పక్కన పెట్టి చూసుకున్నాడు. కళ్ల నీళ్లు గడ్డంలోకి జారుతుంటే తుడుచుకోలేదు. నేనూ తుడుచుకోలేదు.

మా సీనియర్‌కు కబురు వెళ్లింది. ఆయన వచ్చి, "అయ్యిందా? ఆ లైన్‌మన్ నాలుగు చాయ్‌లు తాగిండు, వాని పెండ్లి కథ మొత్తం చెప్పిండు," అని విసుక్కున్నాడు. తెర వైపు చూసి మాత్రం చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు.

ఆ తర్వాత వారమే కొత్త డిస్కు తీసుకెళ్లి అక్షరాలన్నీ కాపీ చేసిచ్చాను. తర్వాత సీడీలు వచ్చాయి, వాటి మీదా రాసిచ్చాను. చాచా పోయాక కూడా వనపర్తిలో పెండ్లికార్డులు ఆయన చేతిరాతతోనే వచ్చేవి.

చాలా ఏండ్లకు ఆమె నాకు ఫోన్ చేసింది. ఆ పాత లాప్‌టాప్ డిస్కు చివరికి ఆగిపోయింది. సర్వీసు నిండా నేను చచ్చిన డిస్కులను బస్తాల్లో తుక్కుకు వేసినదాన్ని. పారెయ్యి అనబోయాను.

"అక్కా, దీంట్ల అబ్బా రాసిన పేర్లున్నయి," అంది ఆమె. "చెత్తల ఎట్ల ఎయ్యాలె?"

చచ్చిన డిస్కును ఎలా సాగనంపాలో నేను నేర్చుకున్న ఏ విద్యలోనూ లేదు. మరుసటి ఆదివారం ఇద్దరం బీచుపల్లి బ్రిడ్జి దగ్గర దిగాం. ఆమె డిస్కును తెల్లగుడ్డలో చుట్టి తెచ్చింది. నీళ్ల దాకా దిగి, పెదవుల్లో ఏదో చదువుకుని, చేతులు చాచింది.

నేను గబుక్కున ఆ చేతులు పట్టుకున్నాను.

"ఆగు. కాపీ ఉన్నది గదా?"

"ఉన్నదక్కా. మూడు జాగాలల్ల ఉన్నది."

"తెరిచి చూసినవా?"

"పొద్దుగాల్నే చూసిన." కళ్ల నిండా నీళ్లతో నవ్వింది. "ఇంగ ఇడిసిపెట్టు."

చేతులు వదిలాను.